ప్రమాణానికి రెండు నిమిషాల ముందు

"పదింటికి కొత్త అధ్యక్షురాలి ప్రమాణ స్వీకారం," పార్క్ చేసిన వ్యాన్‌లో గొంతు తగ్గించి చెప్పాడు చీఫ్. "సరిగ్గా రెండు నిమిషాల ముందు టీవీలో దొంగ వీడియో వస్తుంది. ఆవిడ మీద కాల్పులు జరిగినట్టు. అది సాకుగా ఓడిపోయినాయన ఎమర్జెన్సీ పెట్టేస్తాడు. ఆ ఉత్తర్వు కాగితం మీద సంతకం కూడా అయిపోయింది."

"వీడియో ఎవరిది?"

"విదేశీ ముఠాది. ఆయన కుర్చీ దిగకపోతే రేవులన్నీ వాళ్ల చేతికొస్తాయి. టీవీ స్టేషన్‌లో న్యూస్ రీడర్ మందారం మన ఏజెంటే."

"మన మనిషేనా?"

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "మొన్నటిదాకా."

ఏజెంట్ లెవెన్ నిట్టూర్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసు. మోకాళ్లు అరిగిపోయాయి. ఏసీ మెకానిక్ యూనిఫాం పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో సిగ్నల్ జామర్.

టీవీ స్టేషన్ మేకప్ రూంలో మందారం ఒక్కతే ఉంది. అద్దంలోంచే అతన్ని గుర్తుపట్టింది.

"నేను 'ఇప్పుడే అందిన వార్త' అనాలి. అదే కోడ్. అనగానే ఇంజనీర్ వీడియో వదులుతాడు. అనకపోయినా వదులుతాడనుకో, కాస్త ఆలస్యంగా."

"ఇంతకీ నువ్వెవరి వైపు?"

"అటూ ఇటూ అబద్ధాలు చెప్పీ చెప్పీ నాకే గుర్తులేదు. నీకెందుకింత తాపత్రయం? ఆవిడ పార్టీవాడివా?"

"కాదు. నేను ఓటేసింది ఆయనకే."

"మరి?"

"ఓడిపోయాడుగా."

ఆమె లిప్‌స్టిక్ మూత పెట్టి స్టూడియోలోకి వెళ్లిపోయింది.

తొమ్మిదీ యాభై ఏడు. కంట్రోల్ రూంలో ఇంజనీర్ చూపంతా స్క్రీన్ మీదే. లెవెన్ అతని వెనక్కి చేరి జామర్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ చచ్చిపోయింది.

'మా డిపార్ట్‌మెంట్ తగలెయ్య!' అనుకున్నాడు.

స్క్రీన్ మీద మందారం తలెత్తింది. తొమ్మిదీ యాభై ఎనిమిది. ఇంజనీర్ వేలు బటన్ మీదికి వెళ్లింది.

లెవెన్ స్క్రూడ్రైవర్ మొనని అతని మెడకి ఆనించాడు.

"సైలెన్సర్ ఉంది. చప్పుడు రాదు. చెయ్యి తియ్యి."

ఇంజనీర్ చేతులు రెండూ గాల్లోకి లేచాయి.

స్క్రీన్ మీద మందారం కెమెరాలోకి చూసింది. "ప్రమాణ వేదిక దగ్గర అంతా ప్రశాంతంగా ఉంది. నేరుగా అక్కడికి వెళదాం," అంది.

వేదిక మెట్ల మీద ఓడిపోయినాయన ఫోన్ చూసుకున్నాడు, వాచీ చూసుకున్నాడు. చుట్టూ కెమెరాలు. చేతిలో కాగితాన్ని నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్తావిడ చెయ్యి చాచింది. ఆయన మొహం మాడ్చుకునే అందుకున్నాడు.

ఇంజనీర్‌ని చీఫ్ మనుషులకి అప్పగించి, లెవెన్ కింద లాబీలో కుర్చీలో కూలబడ్డాడు. వాచ్‌మన్ టీవీ చూస్తూ ఆవలించాడు.

"ఇంతేనా సార్? ఒకాయన దిగాడు, ఒకావిడ ఎక్కింది. చూడ్డానికేముంది ఇందులో?"

"ఏమీ లేదయ్యా," అన్నాడు లెవెన్, మోకాళ్లు నొక్కుకుంటూ. "ఏమీ లేకుండా ఉండటానికే ప్రాణం పోయినంత పనైంది."