ఆరో అంతస్తు కింది మలుపు

సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లో ఆ పాత బ్లాకు పేరెత్తితే, అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఇప్పటికీ మాట మార్చేస్తారు. అయిదో అంతస్తు నుంచి ఆరుకు ఎక్కే మెట్ల మలుపు మంచిది కాదట. చీకటి పడ్డాక పసిపిల్లను ఎత్తుకుని అటు వెళ్తే ఎవరో ఒకావిడ పలకరిస్తుందట. ఆవిడ చైనావిడని చైనావాళ్ళు, కాదు మలాయావిడని మలాయ్‌వాళ్ళు, ముమ్మాటికీ తమిళావిడేనని తమిళులు. దెయ్యం మాదంటే మాదని ఇంతలా పోటీ పడ్డవాళ్ళను నేనెక్కడా చూడలేదు.

ఆ బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. అయిదులో ఆగితే మళ్ళీ తొమ్మిదిలోనే. ఆరులో ఉండే పిల్లల తల్లులు తొమ్మిదిదాకా పోయి, మూడంతస్తులు దిగి ఇల్లు చేరేవారు. నువ్వూ అలాగే రావాలని ఎదురింటి కమలాదేవి, ఆరులోనే కాపురముండే రుచితకు ఎన్నోసార్లు చెప్పింది. రుచిత నవ్వి ఊరుకుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు జోరుమీదున్న రోజులు... మొగుడు అనిరుధ్ పగలూ రాత్రీ ఆఫీసులోనే. దెయ్యాలకు భయపడే తీరిక ఆ ఇంట్లో ఎవరికుంది?

రుచిత పుట్టిల్లు సిమ్లా. తండ్రి సాంబమూర్తి ఎప్పుడో ఉద్యోగానికి వెళ్ళి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ డిసెంబరులో, రెండేళ్ళు నిండని కూతురు హిమజను అమ్మమ్మకూ తాతయ్యకూ చూపించడానికి రుచిత ఒక్కతే బయల్దేరింది.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మీద మంచు కూలి బస్సు నిలిచిపోయింది. రాత్రంతా నిలిచిపోయింది. అద్దాల మీద మంచు పేరుకుంటోంది... పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి... రుచిత తన స్వెటర్ విప్పి పిల్లకు చుట్టి, గుండెకు అదుముకుని, పైన శాలువా చుట్టుకుని కూర్చుంది. తనకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. నన్ను తీసుకుపోండి, దీన్ని వదిలెయ్యండి అని మొక్కింది.

తెల్లారి రోడ్డు తెరిచారు. పిల్ల దక్కింది. ఆ తర్వాత హిమజ తల్లి చంక దిగితే ఒట్టు. విమానంలో ఎవరు చెయ్యి చాచినా గుక్కపట్టి ఏడ్చింది.

సింగపూర్‌లో దిగేసరికి పొద్దుపోయింది. కుండపోత వాన. అనిరుధ్ ఎయిర్‌పోర్టుకు రాలేదు. ఆఫీసులో ఏదో ఆగిపోయిందట, టాక్సీలో వచ్చేయమన్నాడు. రెండు పెట్టెలు, భుజాన సంచి, చంకలో పిల్ల. లిఫ్టు అయిదులో ఆగింది. ఈ సామానంతా మోసుకుని పైనుంచి మూడంతస్తులు దిగడమా? రుచితకు ఏడుపొచ్చినంత పనైంది. అయిదులోనే దిగిపోయింది.

మెట్ల మీద లైటు వెలుగుతూనే ఉంది. ఎవరింట్లోనో చేపలు వేయిస్తున్న వాసన. భయపడ్డానికి ఏముంది?

మలుపులో ఒకావిడ నిలబడి ఉంది. నూలు చీర... తడిసిన జుట్టు... అమ్మ వయసుంటుంది.

"పాపను ఇటివ్వమ్మా," అంది మెల్లగా. "అలసిపోయావు."

తెలుగు! రుచితకు ప్రాణం లేచొచ్చింది. ఎవరింటికో వచ్చిన చుట్టం కాబోలు అనుకుంది. మనవాళ్ళు కనపడగానే చంకలో పిల్లను చేతికందించే అలవాటు మనకు ఉన్నదే కదా... అందించింది.

హిమజ ఏడవలేదు. కిక్కురుమనలేదు. ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఎవరి పాపమ్మా?"

"మీ పాపే అనుకోండి ఆంటీ," అంది రుచిత, పెట్టెలు ఎత్తుకుంటూ.

ఆవిడ పిల్ల తల నిమిరింది.

"అనుకోమంటావా?"

"అయ్యో, అందులో ఏముంది... మీ పాపే."

మర్యాదకు అన్న మాట. పెద్దవాళ్ళతో మనమందరం రోజూ అనే మాటే. రుచిత పెట్టెలతో ముందు నడిచింది. వెనక అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది. తాళం తీసి వెనక్కి తిరిగితే, హిమజ ఒక్కతే గుమ్మం బయట నిలబడి ఉంది. ఆవిడ లేదు.

ఒంటి మీద ఒక్క గీత లేదు. జ్వరం లేదు. రుచిత గుండె కుదుటపడింది. చేతులు చాచి, అమ్మ దగ్గరికి దా తల్లీ అంది.

పిల్ల వెనక్కి జరిగింది. కొత్తవాళ్ళను చూసినట్టు చూసింది.

"ఆంటీ," అంది రుచితను చూసి. తర్వాత మెట్లవైపు చెయ్యి చూపించి, "అమ్మ..." అంది.

డాక్టర్లకు చూపించారు. సెరంగూన్ రోడ్డు గుళ్ళలో అర్చనలు చేయించారు. ఇల్లు మారారు. అనిరుధ్ ఉద్యోగం మారాడు. హిమజ చక్కగా పెరుగుతోంది, చిన్నబడిలో చక్కగా చదువుతోంది, తండ్రిని నాన్నా అని నోరారా పిలుస్తుంది. రుచిత అన్నం పెడితే తింటుంది, జడ వేస్తే వేయించుకుంటుంది. ఎంతో బుద్ధిమంతురాలు. చీకటి పడేవేళ మాత్రం వీధి తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. గడియ ఇంకా అందదు. వెనక్కి తిరిగి, పరాయి ఇంట్లో అడిగినంత మర్యాదగా అడుగుతుంది...

"ఆంటీ, కొంచెం తలుపు తీస్తారా? అమ్మ పిలుస్తోంది."