తల్లీ బిడ్డా క్షేమం

పాలు పొంగేలోపు అమ్మ మంచం దగ్గరికి వెళ్లి వచ్చేయొచ్చనుకుంది టీచరు. పొంగనే పొంగాయి. పొయ్యి కట్టేసి మసిగుడ్డ కోసం వెతుకుతుంటే లోపలి గదిలోంచి మళ్లీ కేక.

"వేన్నీళ్లు పెట్టారా? దీపం ఇటు తెండి! ఒక్కరూ పలకరేం?"

మూడు రోజులుగా ఇదే వరస. నలభై ఏళ్లు ఇంటింటికీ తిరిగి పురుళ్లు పోసిన చేతులు ఇప్పుడు దుప్పటిని పీకుతున్నాయి, గాలిలో ఎవరినో తడుముతున్నాయి. ఇక చేసేదేం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. నర్సు చెబితే, చివరి రోజుల్లో మనిషి పక్కన తోడుండే ఆవిడను పెట్టుకున్నారు. డౌలా అంటారట. ఇంజెక్షన్ ఇవ్వదు, మందులు మార్చదు. కూర్చుంటుంది. "కూర్చోడానికి కూడా ఒక మనిషా?" అని టీచరు మొదటిరోజే మొగుడి దగ్గర సణిగింది.

"అమ్మా, ఇక్కడ పురుడూ లేదు, పుణ్యమూ లేదు. మనింట్లోనే ఉన్నావు. నేను, నీ కూతుర్ని. ఇటు చూడు!"

తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేదు టీచరు. ఇరవై ఏళ్ల అలవాటు. దిద్దిన ప్రతిసారీ అమ్మ ఇంకా గింజుకుంటోంది, మంచం దిగబోతోంది.

తోడావిడ వంగి, "వేన్నీళ్లు పెట్టాం పెద్దమ్మా. దీపం ఇదిగో," అంది. అమ్మ కాస్త సర్దుకుంది.

టీచరుకు ఒళ్లు మండింది. ఆవిణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"పోయే మనిషికి అబద్ధాలు చెబుతారా? ఒక్కసారి నన్ను గుర్తుపట్టి మాట్లాడితే చాలని నేను కాచుక్కూర్చుంటే!"

"ఆవిడ పనిలో ఉన్నారు టీచరుగారూ. పని మధ్యలో పిలిస్తే ఎప్పుడైనా వచ్చారా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"రాలేదు! నా పురుటికి కూడా రాలేదు. ఆ రోజు వెనకవీధిలో ఎవరికో బిడ్డ అడ్డం తిరిగిందట. నేను ఆస్పత్రిలో అమ్మా అమ్మా అని అరుస్తుంటే, తను వాళ్ల దగ్గర కూర్చుంది. ఇప్పుడు కూడా వాళ్లేనా? ఇప్పుడైనా నేను కనబడనా?"

తోడావిడ ఓదార్చలేదు. పొయ్యి మీద ఒలికిన పాలు తుడుస్తూ, "పురుడయ్యాక అమ్మ ఏం చేసేవారు?" అని మాత్రం అడిగింది.

"తల్లీ బిడ్డా క్షేమం అనేది. మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. అప్పుడుగానీ ఆ గడప దాటేది కాదు." చెబుతూ చెబుతూ టీచరు ఆగిపోయింది.

లోపల అమ్మ మళ్లీ మొదలుపెట్టింది. "ఎవరమ్మా నొప్పులు పడేది? ఎవరి పిల్ల?"

టీచరు వెళ్లి మంచం మీద కూర్చుంది. ఎవరూ లేరనబోయి నాలుక కరుచుకుంది.

"నేనే అమ్మా. నాకే నొప్పులు."

వెతుకుతున్న చేతులు ఆమె పొట్ట మీదికి వచ్చి ఆగాయి. "భయపడకు తల్లీ. నేనున్నాగా. నిన్నొదిలి ఎక్కడికీ వెళ్లను."

పదహారేళ్ల కింద వినాల్సిన మాట. టీచరు వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ ఆమె నడుము నిమురుతూ, "అంతే, అంతే, అయిపోవచ్చింది," అంటూనే ఉంది.

చాలాసేపటికి టీచరు ముఖం తుడుచుకుంది. "అయిపోయిందమ్మా. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం."

"సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా."

తోడావిడ బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు, సబ్బు తెచ్చిపెట్టి పక్కకు తప్పుకుంది. టీచరు అమ్మ చేతుల్ని ఒక్కో వేలూ తోమి, మోచేతుల దాకా కడిగి, తువ్వాలుతో ఒత్తింది. మూడు రోజుల తర్వాత ఆ చేతులు మొదటిసారి కుదురుగా ఉన్నాయి.

"ఇక నే వెళ్లొస్తానమ్మా," అంది అమ్మ, కళ్లు మూసుకుంటూ. "మా పిల్ల గుమ్మంలో కూర్చునుంటుంది. నేనొస్తేగానీ ముద్ద ముట్టదు."

టీచరు ఇంకా తడి ఆరని ఆ చేతుల్ని బుగ్గలకు ఆనించుకుంది.

"కూర్చునే ఉందమ్మా. వెళ్లిరా."