సహవేదిని

2068 నాటికి వరంగల్లులో కోడింగ్ ఎవరూ ఒంటరిగా నేర్చుకోవడం లేదు. శిక్షణ గదుల్లో జంటలు జంటలుగా కూర్చుంటారు. ఇద్దరి మెడల వెనకా వేలెడంత పట్టీలుంటాయి. వాటి పేరు సహవేదిని. ఒకరు రాసిన ప్రోగ్రాం పని ముగించడానికి ఎన్ని అడుగులు వేస్తే అంత నొప్పి రెండోవారి నరాల్లోకి పాకుతుంది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమవతి సిద్ధాంతం సరళమైనది. తన తప్పుకు తానే ఏడ్చినవాడు తెల్లారేసరికి మరచిపోతాడు. తన తప్పుకు పక్కవాడు ఏడిస్తే జన్మలో మరచిపోడు. అందుకే ఆపే మీట కూడా ప్రోగ్రాం రాసినవారి చేతికే ఇచ్చింది. "ఎదుటి మనిషి అరుస్తుంటే ఆపనివాళ్లుంటారా?" అని నిపుణుల సంఘాన్ని ఒప్పించింది.

కొత్తగూడెం అమ్మాయి స్రవంతికీ ఆదోని కుర్రవాడు జయపాల్‌కీ జత కుదిరింది. మొదటిరోజు స్రవంతి వెయ్యి పేర్ల జాబితాలో ఒక పేరు కోసం మొదటినుంచి చివరిదాకా ఒక్కొక్కటే వెతికించింది. జయపాల్ కుర్చీలోంచి పడి గిలగిలా కొట్టుకున్నాడు. నాలుక కరుచుకున్నాడు. నోరంతా రక్తం.

"మస్తు నొచ్చిందా? సచ్చిపోతవేమో అనుకున్న!" స్రవంతి అతన్ని లేపి కూర్చోబెట్టింది.

"ఏం కాలేదులే," అన్నాడతను రక్తం ఉమ్ముతూ. "పేర్లు అక్షరాల వరసలోనే ఉండాయి గదా? నడిమికి తెరిచి సూడు. అక్కర్లేని సగం పారేయ్. మళ్లా సగం."

ఈసారి పది అడుగుల్లో పేరు దొరికింది. జయపాల్‌కు చీమ కుట్టినట్టుగా మాత్రమే అనిపించింది.

ఆరు నెలల్లో స్టాకులు, క్యూలు, ట్రీలు, గ్రాఫులు వంటి కోడింగ్ పాఠాలన్నీ అలాగే వచ్చాయి. పళ్లు బిగించి బిగించి జయపాల్‌కు ఒక దంతం విరిగింది. బల్ల గీరి గీరి స్రవంతి గోళ్లు ఊడాయి. చివరికి ఇద్దరూ ఎంత శుభ్రంగా రాసేవారంటే, గదిలో చిన్న మూలుగైనా వినిపించేది కాదు. హైమవతి తన ప్రసంగాల్లో వీళ్ల పేర్లే చెప్పేది.

శిక్షణ ముగిశాక ఉద్యోగం కోసం పెట్టిన చివరి ఇంటర్వ్యూకి వాళ్లిద్దరే మిగిలారు. ఉద్యోగం ఒక్కటే. నియమం ప్రకారం మధ్యలో విప్పుకోకుండా పట్టీలకు తాళాలు వేశారు. నగర పటంలో అతి దగ్గరి దారి కనుక్కునే ప్రోగ్రాం జావాస్క్రిప్ట్‌లో రాయాలి. గడువు అరగంట.

పదకొండో నిమిషంలో జయపాల్ కేక పెట్టాడు. మెడను రక్తం వచ్చేలా రక్కుకున్నాడు, తలను బల్లకేసి బాదుకున్నాడు. గది అద్దం అవతలినుంచి పరీక్ష చూస్తున్న హైమవతి పరుగెత్తుకొచ్చింది. స్రవంతి తెరమీద ఒకే ఒక్క లూప్ తిరుగుతోంది. బయటికి దారి లేని లూప్. ఆమె చేతిని విసిరికొట్టి హైమవతి మీట నొక్కింది. అప్పటికే జయపాల్ చెవుల్లోంచి రక్తం కారుతోంది. గుండె ఆగిపోయింది.

హైమవతి స్రవంతి చెంప ఛెళ్లుమనిపించింది. "దానికి ముగింపు లేదని నీకు తెలీదా?"

"తెలుసు మేడం."

"మరి ఆపలేదేం? వాడి అరుపులు వినపడలేదా?"

"వినవడ్డయి." స్రవంతి కళ్లు తడిగా లేవు. "ఇంకొంచెం సేపైతే అరుపు ఆగిపోతదనుకున్న."

హైమవతి శవం మెడ నుంచి పట్టీ తీయడానికి వంగింది. అప్పుడు కనిపించింది జయపాల్ తెర. నగరమూ లేదు, దారులూ లేవు. సరిగ్గా అదే లూప్, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఇంకా ఎంటర్ నొక్కలేదు, అంతే.