సౌనా గదిలో పసిగొంతు

హాపా సరస్సు ఒడ్డున ఉన్న పాత సౌనా గదికి మంచి పేరు లేదు. వెనకటికి ఆడవాళ్ళు ఆ ఆవిరిగదిలోనే పురుళ్ళు పోసుకునేవారట. ఒక పసిగుడ్డు పేరైనా పెట్టకముందే అక్కడ పోయిందట. వేసవి రాత్రుళ్ళు లోపల ఇప్పటికీ ఏడుస్తుందనీ, పొద్దుపోయాక అటు పోకూడదనీ పక్కింటి హిల్యా పెద్దమ్మ అందరికీ చెప్పేది.

ఇర్మెలికి దెయ్యాలంటే నమ్మకం లేదు. అందుకే ఆ పని చేసింది.

ఆమె పిల్లి మురుకి ఏడాదైనా నిండలేదు. ఆ జూన్‌లో ఉన్నట్టుండి నేలమీద దొర్లడం, వెనకభాగం ఎత్తి కాళ్ళు తొక్కడం, గొంతు చించుకుని ఏడవడం... విషంగానీ తిన్నదేమోనని ఇర్మెలి హడలిపోయి పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది.

“రోగం కాదమ్మా, మొదటిసారి ఎదకొచ్చింది,” అన్నాడాయన. “తలుపులూ కిటికీలూ మూసి ఉంచు. గండుపిల్లుల కంట పడనీకు. దగ్గర కూచుని ఆడించు, నిమురు. సద్దుమణిగాక తీసుకురా, ఆపరేషన్ చేసేద్దాం. ఇంత చిన్నదానికి కాన్పు మంచిది కాదు.”

దగ్గర కూచోమన్నాడు. కానీ మొగుడు తౌనో రెండో రాత్రికే ముసుగు తీసి, “ఈ సంగీత కచేరీ ఆపిస్తావా, నన్ను పోయి పడవలో పడుకోమంటావా?” అన్నాడు.

ఇర్మెలి పిల్లిని ఎత్తుకెళ్ళి సౌనా గదిలో పెట్టి, బయట గడియ వేసింది. అటు ఎవరూ రారు కదా!

ఉత్తర ధ్రువానికి దగ్గరి దేశం, వేసవిలో అర్ధరాత్రైనా చీకటి పడని రోజులు. ఏడుపు ఆగట్లేదు... చెవులమీద దిండు పెట్టుకుంది. తనకేమవుతోందో దానికే తెలీదు — అలాంటి మూగజీవాన్ని ఒంటరిగా పడేసి వచ్చానే, పాపిష్టిదాన్ని!

ఠక్కున ఏడుపు ఆగిపోయింది.

చెప్పుల్లేకుండా పరిగెత్తింది. గడియ తీసి ఉంది... తలుపు బార్లా... గడపమీద తెల్లగా ఎవరో!

హిల్యా పెద్దమ్మ. తెల్లటి నైట్‌గౌనులో.

“నేనే తీశానమ్మాయ్,” అంది గుసగుసగా. “ఎన్నేళ్ళుగా ఏడుస్తోందో పాపం... భయపడి చచ్చాం గానీ, ఒక్కరమైనా తలుపు తీశామా? కళ్ళు గట్టిగా మూసుకుని తీసేశాను. కాళ్ళకి మెత్తగా రాసుకుంటూ పోయింది... విన్నావా? ఇక ఏడవట్లేదు!”

ఆ ముసలి మొహంలో అంత సంతోషం ఇర్మెలి ఎన్నడూ చూడలేదు. ఏడ్చింది తన పిల్లేనని చెప్పడానికి మనసు రాలేదు.

పొదల అవతల గండుపిల్లులు అరిచాయి — ఒకటి కాదు, రెండు... మూడు...

“మురూ!” అని పైకి పిలవలేక, పొదలకేసి చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

“ఓసి పిచ్చిదానా,” పెద్దమ్మ ఆమె తల నిమిరింది. “బిడ్డకి విముక్తి దొరికితే... నువ్వెందుకే ఏడుస్తావ్?”