పదహారో సీటు

"కాగితాల్లో నువ్వు చనిపోయావు, ఏజెంట్ 27. అది మనకు మంచిదే," అన్నాడు చీఫ్.

ప్రయాణికుల జాబితాలో పదహారో సీటు ఏజెంట్ 27 జగన్‌మోహన్‌ది. ఆఖరి నిమిషంలో అతని బదులు ఎక్కింది తోటి ఏజెంట్ అమర్నాథ్. ఆ విమానం న్యాల్‌కల్ జొన్నచేలల్లో కూలింది. ఇంజన్ చెడిందని ఎంక్వైరీ ఆ పూటే తేల్చేసింది. చీఫ్ నమ్మలేదు.

"విదేశీ ముఠా పెట్టిన టైంబాంబు. దేంట్లో దాచారో రుజువు తే. ఇవాళ్టికి పదో రోజు సాయంత్రం నాలుగింటికి ఇంకో విమానం లేస్తుంది, దాంట్లోనూ పెడతారని కబురు. రుజువు లేనిదే ఆపరు."

ఆ పదో రోజు రానే వచ్చింది. జగన్‌మోహన్‌ది పాత ఇనుముకు సిల్వర్ గిన్నెలిచ్చే వ్యాపారి వేషం. గంప అడుగున వైర్‌లెస్. ఊరూరా తిరిగినా ఒక్క రేకుముక్క పుట్టలేదు. కళ్లు మూస్తే చాలు, ఖాళీ సీటు మీద బెల్టు దానంతటదే బిగుసుకునేది.

మూడున్నర. మంచె మీద ఒడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలుతున్న బస్వమ్మను, విమానం ముక్కలుంటే కొంటానని అడిగాడు.

"సచ్చినోళ్ల సామాన్ అమ్ముకుంటరా అయ్యా? పసుపు బెట్టి గట్టు మీద ఉంచినం. వాళ్లోళ్లొస్తేనే ఇస్తం. పొద్దుగాల ఒక దొరసాని వచ్చింది. పైలట్ పెండ్లాన్నన్నది. మొగుడు యాడ పడ్డడో అడగలే, ఫ్లాస్క్ యాడుందని అడిగింది! ఎల్లగొట్టిన. నీకెవలున్నరు అందుల?"

పది రోజుల వేషం ఆ మాటకు జారిపోయింది.

"అమర్నాథ్. నా దోస్తు. కాగితంల పేరు నాది, కూసున్నది వాడు."

బస్వమ్మ ఒడిసెలతోనే మంచె దిగి, అతన్ని గట్టు దగ్గరికి తీసుకెళ్లింది. గట్టు మీద ఒంటి చెప్పులు, పగిలిన కళ్లద్దాలు. వాటి నడుమ పొట్ట చీలిన ఫ్లాస్క్. లోపల గడియారం చక్రాలు!

"అది ఇలా ఇచ్చెయ్, 27."

జొన్నల్లోంచి నల్లకళ్లద్దాలు, ఎర్రచీర, పిస్తోలు. పొద్దుటి దొరసాని రోజలిన్! ముఠా గుట్టు చెబుతానంటూ చీఫ్ దగ్గరే జీతం తిన్న డబుల్ ఏజెంట్.

"ఆ రోజు నీ కోసమే పెట్టాను. పాపం, అమర్నాథ్."

బస్వమ్మ చేతిలో ఒడిసెల గిర్రున తిరిగింది. రాయి రోజలిన్ మణికట్టుకు తగిలి పిస్తోలు ఎగిరిపడింది. జగన్‌మోహన్ దాన్ని అందుకుని ఆమెకు గురిపెట్టి, రెండో చేత్తో వైర్‌లెస్ నొక్కాడు.

"జొన్నకంకి కాలింగ్! ఫ్లాస్కులు! విమానంలో ఫ్లాస్కులన్నీ దించండి!"

గరగర. నాలుగింటికి ఇంకా ఒక్క నిమిషం. మళ్లీ గరగర.

"ఆపాం," అన్నాడు చీఫ్. "దొరికింది. ఇంకా టిక్‌టిక్‌మంటోంది... తీగ తెంపారు."

గంపలోంచి బస్వమ్మ రెండు గిన్నెలు ఏరుకుంది.

"రేపు పదకొండో దినం. అన్నం బెట్టాలె. ఒకటి నీ దోస్తుకు."

"రెండోది?"

"కాగితంల సచ్చినోనికి. జర కడుపునిండ తినిపో."