హెదర్ పెళ్ళి రోజున యువరాజు పెళ్ళి

పొద్దున్నే బెరిల్ రొట్టెముక్కలకు వెన్న రాసి, సన్నగా తరిగిన దోసకాయ పేరుస్తోంది. యువరాజు పెళ్ళి సంబరంగా మధ్యాహ్నం వీధంతా కలిసి తినే విందుకు అవి. ఎదురుగా కూర్చున్న భర్త క్లిఫర్డ్‌కు ఆ దోసకాయను చూసినా ఒళ్ళు మండుతోంది.

"ఎవడో పెళ్ళి చేసుకుంటుంటే మధ్యన నీకెందుకే ఈ చాకిరీ?"

"వీధిలో పిల్లలు తింటారు. నీ రుసరుసలతో వాళ్ళ కడుపు నిండదుగా!"

ఉత్తర ఇంగ్లాండులోని ఆ మిల్లుల ఊళ్ళో క్లిఫర్డ్ బస్సు డ్రైవరు. రాజులంటే ఎప్పుడూ గిట్టదు. అయితే ఈసారి కోపానికి సొంత కారణం ఉంది. అసలు ఈ రోజు టౌన్‌హాల్లో వాళ్ళమ్మాయి హెదర్‌కు నీల్‌తో పెళ్ళి జరగాల్సింది. యువరాజు పెళ్ళి తేదీ ప్రకటించగానే దేశమంతా సెలవన్నారు, ఆ పెళ్ళి చూపించడానికి హాల్లో పెద్ద తెర కడతామన్నారు, హెదర్ పెళ్ళిని ఆకులు రాలే కాలంలో ఏదో మంగళవారానికి నెట్టేశారు. "అందరికీ సంతోషమైన రోజు కదండీ, కాస్త సర్దుకోండి" అని నవ్వింది అక్కడి గుమాస్తా. ఆ నవ్వు క్లిఫర్డ్ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

వీధి తలుపు ధడేల్మంది. హెదర్ లోపలికొచ్చి ఊరి పత్రికను బల్లమీద పడేసింది. మొదటి పేజీలో ఆమె ఫొటో. 'రాజ వివాహానికి బలైన పెళ్ళికూతురు' అని పెద్ద అక్షరాలు.

"ఇది నీ పనేనా నాన్నా?"

"నాదే. అన్యాయం జరిగితే నోరు మూసుకోవాలా? మన పన్నులతో వాళ్ళకి గుర్రబ్బళ్ళు, మన పిల్లకి మంగళవారమా?"

"ఫొటో వేయమని నన్నడిగావా? దారిపొడుగునా 'అయ్యో పాపం' అంటున్నారు! నీల్ వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చింది."

"నీ కోసమే కదమ్మా..."

"నా కోసమా? ఇన్ని నెలల్లో ఒక్కసారైనా ఏ రంగు గౌను వేసుకుంటావని అడిగావా? ఎంతసేపూ రాజు, రాజు, రాజు! వాళ్ళు నా పెళ్ళిని వాయిదా వేశారంతే. నువ్వు దాన్ని కర్రకి కట్టి ఊరేగిస్తున్నావు."

హెదర్ ముందుగదిలోకి వెళ్ళిపోయింది. బెరిల్ రొట్టెలు వదిలేసి, "వెళ్ళు. గుమ్మంలో నిలబడి గొణక్కు" అంది.

గదిలోని టీవీలో యువరాజు పెళ్ళి వస్తోంది. కెమెరా పెళ్ళికూతురి తండ్రి మీద ఆగింది. బట్టతల మనిషి, ఎవరో తొడిగినట్టున్న కోటు. కూతురి చెయ్యి పట్టుకుని నడుస్తూ ఆమె వైపు చూశాడు. పెదవి అదిరింది. చప్పున తల తిప్పేసుకున్నాడు.

"ఈ డబ్బంతా ఎవడిదో" అనబోయిన క్లిఫర్డ్ సగంలోనే ఆగిపోయాడు. తన కూతురితో అలా నడిచే రోజును తలుచుకున్నదే లేదని అప్పుడు తట్టింది. కళ్ళు మసకబారాయి. తనకే సిగ్గేసింది.

సోఫా అంచున కూర్చుని, "ఏ రంగమ్మా?" అన్నాడు.

హెదర్ టీవీ మీంచి చూపు తిప్పింది. "నీలం. తెలుపు నాకు నప్పదు."

"మా పెళ్ళిలో మీ అమ్మ కూడా నీలమే వేసుకుంది. నప్పింది." గొంతు సవరించుకున్నాడు. "పత్రిక సంగతి... తప్పయిపోయిందిరా. నీల్ వాళ్ళమ్మకి నేనే చెప్పుకుంటాను. కానీ గుమాస్తా నవ్విన నవ్వు మాత్రం క్షమించను."

"ఎవరు క్షమించమన్నారు? నాకూ మండింది!"

మధ్యాహ్నం వీధిలో బల్లలన్నీ కలిపి వేశారు. బెరిల్ చేసిన రొట్టెల్ని క్లిఫర్డే అందరికీ అందించాడు. టీ తాగుతుండగా రేడియోలో రాజుగారిని కాపాడమని దేవుణ్ణి వేడే జాతీయగీతం మొదలైంది. కుర్చీలు కిర్రుమన్నాయి. వీధంతా లేచి నిలబడింది. క్లిఫర్డ్ లేవలేదు. చేతులు కట్టుకుని, దవడ బిగించి కూర్చున్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళ చూపులు గుచ్చుతున్నాయి.

లేచి నిలబడ్డ హెదర్, తండ్రి వైపు చూసింది. మెల్లగా కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుని, అతని మోచేతి మీద చెయ్యి వేసింది.