ఎక్కే జీపు, దిగే ఇల్లాలు

శనివారం వచ్చిందంటే ఆ ఇంట్లో కాలు మోపే చోటుండదు. హాల్లో దుప్పట్ల మూటలు, మెట్ల మీద తువ్వాళ్ళ దొంతరలు, సోఫాలో దిండు గలీబుల గుట్ట, ఆ గుట్టకు ఆనుకుని టీ తాగుతూ అత్తగారు. కింద లాండ్రీ, పైన కాపురం. పెళ్ళయిన కొత్తలో రెంటికీ మధ్య ఒక తలుపు ఉండేది గానీ, ఇరవై రెండేళ్ళలో లాండ్రీయే మెల్లగా మెట్లెక్కి పైకొచ్చి స్థిరపడింది.

"ఏమోయ్," అన్నాడు ఇంటాయన, దుప్పటికి ఆ కొస పట్టుకుని. "ఇంక నువ్వు నడవక్కర్లేదు."

ఈ కొస పట్టుకున్న ఇల్లాలి చేతిలోంచి దుప్పటి జారిపోయింది.

"ఎక్కడ?"

"మొండి మెట్ట దగ్గర. జీపుకి సూపర్‌చార్జర్ పెట్టిస్తున్నా."

"ఏం పెట్టిస్తున్నావురా?" అంది అత్తగారు.

"ఇంజిన్‌లోకి గాలి తోసే యంత్రం అమ్మా."

"గాలా? ఇంజిన్‌కి ఉక్కపోస్తోందని నీతో చెప్పిందా?"

మొండి మెట్ట సంగతి ఇది. ఇంటాయన అక్కగారు కొండ మీద పన్నెండు గదుల లాడ్జి నడుపుతుంది. ప్రతి శనివారం ఉతికిన దుప్పట్లు పైకి వెళ్ళాలి, మాసినవి కిందికి రావాలి. జీపు మిగతా దారంతా బుద్ధిగానే ఎక్కుతుంది గానీ, చివరి మలుపు తర్వాత వచ్చే ఈ రాళ్ళ మెట్ట దగ్గర దానికి ఆయాసం. అంత ఎత్తులో గాలి పలచన. ఎంత చిన్న గేరులో వేసినా సగం దూరం పోయి, దగ్గి, ఆగిపోతుంది.

ఇంటాయన ఏడేళ్ళ కిందట రకరకాలుగా ప్రయోగాలు చేసి ఒక సూత్రం కనిపెట్టాడు. వెనక చక్రాల మీద బరువు ఉండాలి, లేకపోతే పట్టు దొరకదు. ముందు సీట్లో బరువు తగ్గాలి, లేకపోతే ఇంజిన్ లాగదు. వెనక మూటల మీద కూర్చునేది అత్తగారు. ముందు కూర్చునేది కోడలు. కనుక అత్తగారు దిగకూడదు, కోడలు దిగాలి. సైన్సు ఇంత తెలివిగా అత్తగారి పక్షాన నిలబడటం ఆ ఇంట్లో ఎవరూ ఊహించలేదు.

"నేను లేకపోతే ఈ బండి ఎక్కదు," అని అత్తగారు లాడ్జిలో బస చేసిన వాళ్ళందరికీ చెప్పుకునేది. అది నిజం కూడాను.

ఇక కోడలు కాలిబాట వెంట నడిచి వచ్చేది. ఇరవై నిమిషాలు. అందరూ అయ్యో పాపం అనేవారు. ఆవిడ కూడా అనిపించుకునేది. అసలు విషయం ఏమిటంటే, వారం మొత్తం మీద ఆవిడను ఎవరూ ఏమీ అడగని ఇరవై నిమిషాలు అవే. అక్కడ ఫోను అందదు. ఇస్త్రీపెట్టె ఎక్కడుందని అడిగేవాడు లేడు, మాత్ర వేసుకున్నానా లేదా అని అడిగే అత్తగారు లేదు. దారి మధ్యలో చదునైన బండ ఒకటి ఉంది. దాని మీద కాసేపు కూర్చునేది. ఏమీ ఆలోచించేది కాదు. పైకి చేరే ముందు సీసాలో నీళ్ళు కాస్త మొహాన చల్లుకునేది, చెమటలా కనపడటానికి. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ చేసిన మోసం ఆ గుక్కెడు నీళ్ళే.

ఇప్పుడు ఆ ఇరవై నిమిషాలకు ఎసరొచ్చింది.

"నడక నాకేం కష్టం కాదండీ," అంది.

"నువ్వలాగే అంటావు. నీ మంచితనం నాకు తెలీదూ?"

ఆయన కళ్ళలో జాలి చూసి ఆవిడకు ఒళ్ళు మండింది. మంచితనం తలకు చుట్టుకోవడమంటే ఇదే.

ఆ మధ్యాహ్నం అత్తగారు వంటింట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మాయ్, ఆ యంత్రం వస్తే నేను వెనక కూర్చోకపోయినా బండి ఎక్కుతుందా?"

"ఎక్కుతుందిట అత్తయ్యా."

అత్తగారి మొహం పాలిపోయింది. "అయితే వద్దను."

"నేనా? మీరే చెప్పండి, మీ అబ్బాయేగా."

"నా మాట వాడెప్పుడు విన్నాడు? పెళ్ళాం మాటంటే కాస్తయినా చెవిన పెడతాడు. నువ్వు చదువుకున్నదానివి. దానిలో లోపాలు వెతుకు."

ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి. ఇంటాయన ఆ ముహూర్తం గమనించి ఉంటే జీపు అమ్మేసి ఉండేవాడు.

కోడలు వారం రోజులు చదివింది. ఇంటర్నెట్లో జీపుల పిచ్చివాళ్ళు రాసుకున్నవన్నీ చదివి, లోపాలన్నీ లాండ్రీ రసీదు వెనక రాసుకుని, మెకానిక్ దగ్గరకు తనూ వస్తానంది. ఇంటాయన మురిసిపోయాడు.

మెకానిక్ బక్కపలచని మనిషి. షెడ్డులో బల్ల మీద మూడు రకాలు పెట్టి, దేన్ని గురించి ముందు చెప్పాలా అని చూస్తున్నాడు. ఆవిడ రసీదు విప్పింది.

"మాది రాళ్ళ దారి. నడిచే వేగంలో పోవాలి. ఇంజిన్ గొంతు చించుకుని అరిస్తే గానీ బలం ఇవ్వని రకం మాకెందుకూ పనికిరాదు కదా?"

మెకానిక్ తలెత్తి చూశాడు. బల్ల మీదున్న మొదటిదాన్ని పక్కకు జరిపాడు.

"టర్బో అయితే పొగ గొట్టంలోంచి పోయే గాలితో తిరుగుతుందట. అది ఊపందుకునేలోగా మేం వెనక్కి జారిపోతే?"

మెకానిక్ రెండోదాన్నీ జరిపాడు. ఆవిడకు ఉత్సాహం వచ్చింది. ఇంకొక్కటే మిగిలింది.

"గాలిని నొక్కితే వేడెక్కుతుందిగా. ఆ వేడి గాలి లోపలికి పోతే ఇంజిన్ పాడవదూ?"

"దీనికి వేరే చిన్న రేడియేటర్, నీళ్ళ పంపు ఉంటాయి మేడం. చల్లార్చే పంపుతుంది."

"దారిలో వాగుంది. నీళ్ళు పీలిస్తే?"

"గాలి గొట్టం పైకి పెడతాను."

"ప్రీమియం పెట్రోలే తాగుతుందట."

"మీ వీధి చివర బంకులోనే దొరుకుతుంది."

"బెల్టు జారితే?"

"వారానికోసారి చూసుకోవాలి. సార్ చూసుకుంటారు."

"సార్ చూసుకుంటారు," అన్నాడు సార్, పెళ్ళినాటి మొహంతో.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "పదేళ్ళుగా పెడుతున్నాను సార్. అందరూ బానెట్ మీద బుడిపె ఎంత ఎత్తొస్తుందని అడుగుతారు. ఇంత పద్ధతిగా ఎంచుకున్నవాళ్ళు లేరు. మేడం చెప్పినదాని ప్రకారం మీకు ఈ మూడోదే. ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది, కాలు ఆనించగానే లాగుతుంది. ఇంక ఆలోచించక్కర్లేదు."

ఇంటాయన కళ్ళు చెమర్చాయి. "నా కోసం ఇంత చదివావా!"

ఆవిడ బల్ల మీదున్న సుత్తి వైపు చూసింది.

ఇంటికొచ్చాక అత్తగారు గుమ్మంలోనే అడిగింది: "ఏమైంది?"

"నేనే ఎంచిపెట్టాను అత్తయ్యా."

"నీ చదువు తగలెయ్య," అంది అత్తగారు.

సూపర్‌చార్జర్ వచ్చింది. జీపు బానెట్‌కి బుడిపె వచ్చింది. ఇంటాయన నడకకు ఠీవి వచ్చింది. ఇంజిన్ మోగితే లోపల్నుంచి సన్నగా ఒక ఈల. ఆ ఈల విందామని ఆయన ఉప్పు ప్యాకెట్టుకు కూడా జీపులో వెళ్ళేవాడు. బంకులో కుర్రాడికి "ప్రీమియమే, మామూలుది వద్దు, ప్రీమియం" అని మూడుసార్లు చెప్పేవాడు, పిల్లను హాస్టల్లో దింపి వార్డెన్‌కి పథ్యం చెప్పే తండ్రిలా. శుక్రవారం సాయంత్రం టార్చి పట్టుకుని బెల్టు చూసేవాడు. ఆవిడ జ్వరమొచ్చి పడుకుంటే ఆయన అలా నుదురు తడిమి చూసిన జ్ఞాపకం ఆవిడకు లేదు.

మొదటి శనివారం జీపు మొండి మెట్టను నలభై క్షణాల్లో ఎక్కేసింది. అందరూ కూర్చునే ఉన్నారు. అత్తగారు మూటల మీద, కోడలు ముందు సీట్లో. కాలిబాట, దాని బండ ఎడమ పక్క నుంచి సర్రున వెళ్ళిపోయాయి.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన.

"అయిపోయిందా?" అంది ఆవిడ.

పైన ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది. "ముందే వచ్చేశావే! మంచిదైంది, ఆ తువ్వాళ్ళు గదుల్లో సర్ది, ఆ మాసినవి లెక్కపెట్టి, అలాగే కర్టెన్లు కూడా ఓసారి చూడు."

రెండో శనివారం కర్టెన్లతో పాటు సోఫా కవర్లు కలిశాయి. మూడో శనివారం, వంటమనిషి రాలేదంది. ఇరవై నిమిషాలు మిగిలితే వాటిని నలభై నిమిషాల పనితో నింపడం ఆడపడుచుకు పుట్టుకతో వచ్చిన విద్య. అటు అత్తగారి బరువుతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఆవిడ మూటల మీద మూటలా కూర్చుని మౌనం పట్టింది.

ఇంట్లో కూరల్లో ఉప్పు ఎక్కువైంది, మాటల్లో కారం ఎక్కువైంది. కారణం ఎవరికీ తెలీదు. తెలిసిన మనిషి చెప్పదు.

నాలుగో శనివారం చివరి మలుపు దగ్గర ఆవిడ గట్టిగా అంది: "ఆపండి. నేను దిగుతాను."

"ఎందుకు? కళ్ళు తిరుగుతున్నాయా?"

"నడుస్తాను."

"నడవడమేమిటి? ఇదంతా నువ్వు నడవకూడదనేగా పెట్టించింది!"

"నేనడిగానా?"

ఇంజిన్ ఈల వేస్తూనే ఉంది. ఆయన తాళం తిప్పి ఆపేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా రాళ్ళను చూస్తూ మాట్లాడాడు.

"లాడ్జి మేడ మీద నుంచి ఈ మెట్ట కనపడుతుంది, తెలుసా? కిందటేడు ఒకాయన నన్ను అడిగాడు: పెళ్ళాన్ని దింపేసి తల్లిని ఊరేగించే మొగుడు మీరేనా అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నువ్వు చెమటలు కారుతూ పైకొచ్చావు. ఆ మొహం చూసి నాకు అన్నం దిగలేదు. ఏడేళ్ళు నడిపించాను నిన్ను."

 ఇప్పుడు చెప్పకపోతే ఇంక జన్మలో చెప్పలేనని ఆవిడకు తెలుసు.

"అది చెమట కాదండీ."

"మరి?"

"నీళ్ళు. నేనే చల్లుకునేదాన్ని."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. వెనక మూటల మీద కదలిక వినిపించింది.

"అలిసిపోయేంత దారి కాదది. సగం దూరం నడిచి, బండ మీద కూర్చుని, మళ్ళీ వచ్చేదాన్ని. నాకు ఏడు రోజుల్లో దొరికేది ఆ కాసేపే. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. మీరేమో దాన్ని కష్టమనుకుని, అంత ప్రేమగా, అంత మంచి యంత్రం పెట్టి, తీసేశారు. మిమ్మల్ని తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశారు."

"అంటే... నా నుంచి పారిపోవడానికా?"

"మీ నుంచి కాదు. అందరి నుంచీ." ఆవిడ జీపు తలుపు తీసింది. "అందరిలో మీరూ ఉన్నారు. అదేం చెయ్యను?"

ఆయన మొహం చిన్నబోయింది. అప్పుడు మూటల మీద నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"దిగనివ్వరా. నాకూ కొత్త కాపురంలో బావి దగ్గరికెళితే గంటసేపు తిరిగి రావాలని ఉండేది కాదు. గంటసేపు తోడేన్ని నీళ్ళు అక్కడున్నాయా అని మీ నాన్న ఒక్కసారీ అడగలేదు. అది ఆయన చేసిన మంచిపని."

"నువ్వు కూడానా అమ్మా?"

"నేనైతే దిగను. వెనక బరువు కావాలి."

"ఇప్పుడక్కర్లేదమ్మా, ఇది..." అని ఏదో చెప్పబోయి, తల్లి మొహం చూసి, "కావాలి. కూర్చో," అన్నాడు.

ఇల్లాలు దిగింది. ఆయన తాళం తిప్పాడు. జీపు ఈల వేసుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ నడిచింది గానీ, ఆయన చిన్నబోయిన మొహమే ముందు నడుస్తోంది. బండ మీద కూర్చున్నా కుదురు లేదు. అనవసరంగా అన్నానేమో అనుకుంది. పైకెళ్ళాక ఆడపడుచు ఎలాగూ అడుగుతుంది. ఈయన నిజం చెప్పేస్తే ఇక ఈ నడక ఊరందరికీ నవ్వులాట అవుతుంది.

కాలిబాట లాడ్జి వంటింటి గోడ వెనకగా పైకి తేలుతుంది. ఆవిడ అక్కడికి వచ్చేసరికి గోడకు అటు పక్క ఆడపడుచు గొంతు.

"అదేమిట్రా, మీ ఆవిడేది? ఏదో పెద్ద యంత్రం పెట్టించానన్నావు, మళ్ళీ నడిపిస్తున్నావా?"

 ఆవిడ గోడను పట్టుకుంది.

"ఏం చెప్పమంటావక్కా," అంది ఇంటాయన గొంతు. ఒక్కో మాటా పన్ను పీకినట్టు బయటికొస్తోంది. "అనుకున్నంత బలం లేదు దీనికి. మూడు వారాలు ఏదో లాగింది. ముగ్గురుంటే ఇంక ఎక్కదట."

"నిన్ను ఎవడో బాగా ముంచాడ్రా."

"అవునక్కా. ముంచాడు."

"నేను వెనక కూర్చున్నాను కాబట్టి ఈమాత్రమైనా వచ్చింది," అంది అత్తగారు, పాత గొంతుతో.

"అంత గొప్పలు పోయావు గదరా, ఈల వేస్తుంది, పులిలా లాగుతుంది అని!"

"ఈల ఒక్కటేనక్కా," అన్నాడాయన. "ఉత్త ఈల."

ప్రీమియం తప్ప మరొకటి తాగనివ్వని మనిషి. ఆ బుడిపెను మెత్తటి గుడ్డతో తుడిచే మనిషి. ఆ జీపును ఒక్క మాటంటే పక్క వీధి వాళ్ళతో కూడా వాదనకు దిగే మనిషి.

ఇల్లాలు వెంటనే లోపలికి వెళ్ళలేదు. ఈసారి మొహాన తడి దానంతటదే వచ్చింది, అది ఆరేదాకా గోడ వెనకే నిలబడింది. ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలు మాత్రం ఆవిడ తన ఖాతాలో వేసుకోలేదు. అవి ఆయనవి.